యుద్ధంలో ఘోరాలు చేసినవాళ్లను క్షమించవచ్చా? (పక్కింటి అమ్మమ్మ మాట మీద మొదలైన చర్చ)

వాసు_వలసరవాక్కం | మే 19, రాత్రి 9:12

చెన్నైలో మా వీధిలో శ్రీలంక నుంచి వచ్చి స్థిరపడిన తమిళ కుటుంబాలు చాలానే ఉన్నాయి. మా పక్క పోర్షన్‌లో ఉండే అమ్మమ్మది (వాళ్లూ అమ్మమ్మ అనే అంటారు, నాకూ అదే అలవాటైంది) ముల్లైత్తీవు వైపు పల్లెటూరు. 2009లో లంక సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్‌టీటీఈ) మధ్య యుద్ధం ముగిసిన ముళ్ళివాయ్క్కాల్‌లో చివరిదాకా ఉండి ప్రాణాలతో బయటపడిన మనిషి. వవునియా దగ్గర ముళ్లకంచె వేసిన శిబిరంలో ఉంచితే అక్కడ కొంతకాలం ఉండి, ఆ తర్వాత కూతురితో పాటు ఇక్కడికి వచ్చేశారు.

ఆ యుద్ధంలో పోయినవాళ్ల జ్ఞాపకంగా ఏటా మే 18న వాళ్లు గంజి కాస్తారు. బియ్యం, నీళ్లు, ఉప్పు, అంతే. ఆ ఆఖరి వారాల్లో జనానికి దొరికింది అదే. నిన్న మాకూ ఒక గిన్నెలో తెచ్చి ఇచ్చారు. సరిగ్గా అప్పుడే మా బావమరిది ఇంట్లో ఉన్నాడు. ధ్యానం, ప్రవచనాలు అంటూ తిరిగే మనిషి. "ఎన్నాళ్లమ్మా ఈ బాధ? క్షమించేయండి, మీ మనసే తేలికపడుతుంది" అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. "ఎవర్ని క్షమించమంటావు బాబూ? ఎవరైనా వచ్చి అడిగారా?" అనేసి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఇదే గొడవ. యుద్ధంలో నిరాయుధుల్ని చంపినవాళ్లను, చంపించినవాళ్లను క్షమించడం అనేది అసలు ఉంటుందా? ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుంది? పార్టీల గోల లేకుండా చెప్పండి.

నెల్లూరు_సీను | మే 19, రాత్రి 9:30

క్షమా లేదు, గిమా లేదు. పసిపిల్లల్ని చంపినోడికి ఉరి. ఇందులో చర్చ ఏముందబ్బా? మీ బావమరిదికి నా నమస్కారాలు చెప్పండి, ఆయన ఇంటి మీద షెల్ పడితే అప్పుడు ధ్యానం చేయమనండి.

శారద_టీచర్ | మే 19, రాత్రి 10:05

సీనూ, నీ తొందర నీదే గానీ ఈ ప్రశ్న మనవాళ్లకు కొత్త కాదు. అశ్వత్థామ కథనే తీసుకో. యుద్ధం అయిపోయిన రాత్రి, నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపాడు. ఇప్పటి లెక్కలో అది పక్కా యుద్ధ నేరమే. భాగవతంలో అర్జునుడు అతన్ని పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఆవిడ ఏమంటుంది? నిద్రపోయే పిల్లల్ని చంపడానికి నీకు చేతులెలా ఆడాయని నిలదీస్తుంది. ఆ తర్వాతే, నాలాగా వీడి తల్లి కూడా ఏడవకూడదు, వదిలిపెట్టమంటుంది. భీముడు ఒప్పుకోడు, చంపాల్సిందే అంటాడు. చివరికి తల గొరిగి, మణి లాక్కుని, తరిమేస్తారు.

మనం ఇన్నాళ్లూ ద్రౌపది గొప్ప మనసు గురించే చెప్పుకున్నాం. నాకు మాత్రం వరస ముఖ్యం అనిపిస్తుంది. నేరం చేసినవాణ్ని పట్టుకున్నారు, బాధితురాలి ఎదుట నిలబెట్టారు, అతను తల దించుకున్నాడు, ఆవిడ అడగాల్సింది అడిగింది. ఆ తర్వాతే జాలి. మీ పక్కింటావిడకు వీటిలో ఒక్కటీ జరగలేదు కదా వాసు.

కోటు_పారిస్ | మే 19, రాత్రి 10:41

టీచర్ గారూ, అది భాగవతం. భారతం సౌప్తిక పర్వంలో ద్రౌపది అలా లేదు. అశ్వత్థామను చంపి వాడి తల మణి తేకపోతే తిండి మానేసి ఇక్కడే ప్రాణం విడుస్తానని కూర్చుంటుంది. మణి తెచ్చి ఇచ్చాకే లేస్తుంది. కృష్ణుడైతే మూడు వేల ఏళ్లు దిక్కులేకుండా తిరగమని శపిస్తాడు. ఒకే తల్లి, ఒకే నేరం, రెండు కథలు. మనకు ఇష్టమైన ద్రౌపదినే మనం గుర్తుంచుకున్నాం.

నేను హైకోర్టులో ప్రాక్టీసు చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట. ప్రభుత్వం శిక్ష తీసేయడం వేరు, నష్టపోయినవాళ్లు మనసులో వదిలేయడం వేరు. ఈ రెండూ కలిపేస్తే ఏమవుతుందో లంకలోనే చూడండి. 2000 డిసెంబరులో యాళ్‌పాణం (జాఫ్నా) దగ్గర మిరుసువిల్‌లో పిల్లలతో సహా 8 మంది తమిళ పౌరుల్ని సైనికులు చంపి పాతిపెట్టారు. కేసు పదిహేనేళ్లు నడిచింది. 2015లో ఒకే ఒక్క సార్జెంట్‌కు మరణశిక్ష పడింది. 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2020 మార్చిలో, లోకమంతా కరోనా గోలలో ఉండగా, అధ్యక్షుడు గోటబయ రాజపక్స అతనికి పూర్తి క్షమాభిక్ష పెట్టేశారు. అరుదుగా దొరికిన ఒక్క తీర్పూ అలా పోయింది. ఆ కుటుంబాలు క్షమించాయా? వాళ్ల చేతిలో ఏమీ లేదు.

సుబేదార్_రావు | మే 20, ఉదయం 6:20

ఆవడిలో ఉంటాను. ఇరవై ఆరేళ్లు సర్వీసు. ఐపీకేఎఫ్‌లో, అంటే లంకకు పంపిన భారత శాంతి దళంలో, నేనూ ఉన్నాను.

ఏసీ గదుల్లో కూర్చుని సైనికుడి గురించి రాయడం తేలిక. లుంగీ కట్టుకుని సైకిల్ మీద వచ్చేవాడు పౌరుడా, పులా అని అర సెకనులో తేల్చుకోవాలి. దారిలో మందుపాతర పేలి పక్కవాడు ముక్కలైపోతే ఆ సాయంత్రం నీ బుర్ర నీ దగ్గర ఉండదు. దాదాపు 1200 మంది మనవాళ్లు అక్కడ పోయారు. 1990 మార్చిలో మద్రాసు రేవులో దిగితే రావలసిన పెద్దలు రాలేదు. తప్పు చేసినవాళ్లు లేరని నేననను. కానీ సైనికుడు అనగానే రాక్షసుడు అన్నట్టు మాట్లాడకండి.

పెరంబూరు_సుజాత | మే 20, ఉదయం 8:02

రావు గారూ, నమస్తే. మీ సర్వీసు మీద గౌరవం ఉంచుకునే అడుగుతున్నాను. 1987 అక్టోబరు 21, దీపావళి రోజు. జాఫ్నా ఆస్పత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. లోపలికి వెళ్లింది మన సైన్యమే. లోపలి నుంచి పులులు కాల్చారు, ఎదురు కాల్పుల్లో పోయారని మనవాళ్ల వాదన. కాదు, మంచాల కింద దాక్కున్నవాళ్లను, చేతులెత్తిన డాక్టర్లను కాల్చారని బతికి బయటపడ్డవాళ్ల వాదన. ఎవరికీ శిక్ష పడలేదు. మన పుస్తకాల్లో ఒక్క లైను లేదు. ఇది అర సెకను వ్యవహారమేనా?

సుబేదార్_రావు | మే 20, ఉదయం 8:15

నేను ఆ యూనిట్ కాదు. నేను చూడని దాని గురించి మాట్లాడను.

నెల్లూరు_సీను | మే 20, ఉదయం 8:40

అమ్మా సుజాతా, మన జవాన్లనే ముద్దాయిల్ని చేస్తున్నావే! దేశం కోసం పోయినోళ్ల సంగతేంది?

పెరంబూరు_సుజాత | మే 20, ఉదయం 8:58

నిన్న రాత్రి పసిపిల్లల్ని చంపినోడికి ఉరి అన్నావు కదా తమ్ముడూ. ఏ యూనిఫామో చూసి అనాలని అప్పుడు చెప్పలేదు.

నిర్వాహకుడు | మే 20, ఉదయం 9:10

వ్యక్తిగత విమర్శలు వద్దు. విషయం మీదే ఉండండి.

ఓఎంఆర్_కిరణ్ | మే 20, మధ్యాహ్నం 1:25

లంచ్ బ్రేక్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. రావు గారు చెప్పిన బుర్ర దగ్గర లేని పరిస్థితి గురించి. 1968 మార్చి 16, వియత్నాంలో మై లై. అమెరికా సైనికులు ఒక్క పొద్దుటిపూట 300కు పైగా గ్రామస్తుల్ని చంపారు (వియత్నాం లెక్క 504). ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలు. అదే రోజు, అదే ఊరి మీద, అదే సైన్యానికి చెందిన హ్యూ థాంప్సన్ అనే పైలట్ ఉన్నాడు. కింద జరుగుతున్నది చూసి హెలికాప్టర్‌ను సైనికులకూ గ్రామస్తులకూ మధ్య దింపాడు. మనవాళ్లు వీళ్ల మీద కాలిస్తే మీరు మనవాళ్ల మీద కాల్చండని తన సిబ్బందికి చెప్పాడు. కొందర్ని బతికించాడు. అతని వయసు అప్పుడు పాతిక దాటలేదు. యుద్ధం అందర్నీ ఒకేలా పిచ్చివాళ్లను చేస్తే ఆయనకు ఎందుకు పిచ్చెక్కలేదు?

ఆయనకు పతకం ఎప్పుడిచ్చారో తెలుసా? 1998లో. ముప్ఫై ఏళ్లు పట్టింది. మధ్యలో ఆయన్ను ద్రోహి అన్నవాళ్లే ఎక్కువ.

కోటు_పారిస్ | మే 20, మధ్యాహ్నం 2:50

మంచి ఉదాహరణ. రెండో సగం కూడా చెప్పాలి. ఆ కేసులో 26 మంది మీద అభియోగాలు పెడితే శిక్ష పడింది లెఫ్టినెంట్ కేలీ ఒక్కడికే. 22 మందిని చంపినందుకు 1971లో యావజ్జీవం. మూడున్నరేళ్లు, అదీ చాలా భాగం గృహ నిర్బంధంలో గడిపి బయటికొచ్చాడు. 2009లో, అంటే 41 ఏళ్ల తర్వాత, తన దేశంలో ఒక క్లబ్ మీటింగ్‌లో పశ్చాత్తాపం చెప్పుకున్నాడు. అక్కడ కూడా, పైవాళ్ల ఆర్డర్ పాటించాను అన్న మాట వదల్లేదు. వినడానికి ఎదురుగా వియత్నాం వాళ్లు ఎవరూ లేరు.

ఆర్డర్ వచ్చింది కాబట్టి చేశాను అనే వాదన చట్టం ముందు నిలబడదని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లోనే తేలింది. శిక్ష తగ్గించడానికి పనికొస్తుందేమో, నేరం మాఫీ కాదు.

సుబేదార్_రావు | మే 20, సాయంత్రం 5:33

ఒప్పుకుంటా లాయర్ గారూ. అయితే లెఫ్టినెంట్ ఒక్కడే ఎందుకు? ఆర్డర్ ఇచ్చిన కెప్టెన్ నిర్దోషి, కల్నల్ నిర్దోషి, జనరల్ మీద అభియోగాలే కొట్టేశారు. మీరు చెప్పిన మిరుసువిల్‌లోనూ ఒక సార్జెంట్. ఎప్పుడూ కింద వాడే దొరుకుతాడు. వాడికి క్షమ ఉందా లేదా అని మనం ఇక్కడ కొట్టుకుంటుంటే, పైవాడు పెన్షన్ తీసుకుంటూ కుక్కను వాకింగ్‌కు తీసుకెళ్తుంటాడు. ముందు అది తేల్చండి.

శారద_టీచర్ | మే 20, సాయంత్రం 6:10

ఈ మాట మాత్రం వంద శాతం నిజం రావు గారూ.

కరీంనగర్_అంబత్తూర్ | మే 20, రాత్రి 10:22

లంక దాకా ఎందుకు, మన దగ్గరిదే చెప్తా. మా అమ్మమ్మ వాళ్లది సిద్దిపేట దిక్కు ఊరు. బైరాన్‌పల్లి పక్కనే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మీద పడి వంద మంది దాకా చంపిండ్రు. బురుజు ఇప్పటికీ ఉంది, పోయి చూడొచ్చు. చిన్నప్పుడు ఆ కథ వినని ఎండాకాలం లేదు.

కానీ సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయినంక ఏం జరిగిందో ఎవ్వరూ చెప్పలే. అది నేను ఇంజినీరింగ్ అయినంక చదివి తెలుసుకున్న. సుందర్‌లాల్ కమిటీ అని నెహ్రూ పంపిస్తే వాళ్లు తిరిగి చూసి 27 వేల నుంచి 40 వేల దాకా ముస్లింలు చనిపోయి ఉంటరని రాసిండ్రు. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలే. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ జైల్లో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాన్ పోయిండు. ఇటు చంపినోళ్ల పేర్లు ఎవ్వరికీ తెల్వదు. అందరూ అదే ఊళ్లల్లో బతికిండ్రు.

మా తాతను అడిగితే "అప్పుడు రోజులు మంచియి కావు బిడ్డా" అనేటోడు. అంతే. రెండు దిక్కులా అదే మాట. పెండ్లిళ్లకు పిలుసుకున్నరు, పీర్ల పండుగకు కలిసి ఎగిరిండ్రు. మరి దీన్ని క్షమించుకున్నరు అనాల్నా, మాట్లాడకుంట మట్టేసిండ్రు అనాల్నా? నాకు రెండోదే అనిపిస్తది. ఎందుకంటే ఎలక్షన్ల టైముకు ఎవడన్నా కొంచెం తవ్వితే చాలు, నిన్ననే జరిగినట్టు పైకొస్తది.

గుత్తి_రమణ | మే 20, రాత్రి 11:40

మాట్లాడకుండా మట్టేయడం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. మాది గుత్తి. పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి అని ఊరుంది. అక్కడ బండల మీద అశోకుడి పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ ఉన్నాయి. మేకలు కాసేవాళ్లు తప్ప ఎక్కువమంది పోరు. పదమూడో శాసనం కళింగ యుద్ధం గురించి. లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయాను, లక్ష మంది చచ్చారు, దానికి ఎన్నో రెట్లు ఆ తర్వాత పోయారు, నాకు బాధగా ఉంది అని రాజే స్వయంగా చెప్పుకున్నాడు. ప్రపంచంలో ఇంకే రాజు అలా రాయించాడు? బళ్లో మనందరికీ చెప్పింది ఇదే.

ఇప్పుడు సంగతి వినండి. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద మాత్రం ఈ పదమూడో శాసనం లేదు. అక్కడ దాన్ని వదిలేసి, అధికారులకు వేరే ఉత్తర్వులు చెక్కించాడు. ప్రజలంతా నా బిడ్డలే, న్యాయంగా పాలించండి అని. అంటే మా కర్నూలు రాళ్లకు చెప్పాడు, ఎక్కడో పెషావర్ పక్కన కొండలకు చెప్పాడు, ఎవర్ని చంపాడో వాళ్లకు చెప్పలేదు. పైగా అదే పదమూడో శాసనంలో అడవి జనానికి ఒక హెచ్చరిక కూడా ఉంది. నాకు పశ్చాత్తాపం ఉంది, కానీ బలం కూడా ఉంది, బుద్ధిగా లేకపోతే చచ్చిపోతారని.

నాకు అశోకుడంటే ఇష్టమే. అయినా వాసు గారి పక్కింటావిడ మాట చదివినప్పటి నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో.

శారద_టీచర్ | మే 21, ఉదయం 7:15

రమణ గారూ, ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పాను. ధౌలిలో అది లేదన్న సంగతి పాఠంలో ఎక్కడా రాయరు. ఒక్కటి మాత్రం ఆలోచించండి. ఓడిపోయి, శవాలు మోసినవాళ్ల ఊళ్లో, రాజు వచ్చి మీవాళ్లను లక్ష మందిని చంపానని బండ మీద చెక్కిస్తే అది ఓదార్పా, పుండు మీద కారమా? చదివినవాడు కత్తి తీయడా? భయపడి మానేశాడేమో, లేక వాళ్ల మీద దయతో మానేశాడేమో. చెప్పలేం.

గుత్తి_రమణ | మే 21, ఉదయం 7:50

భయపడినా పర్లేదు టీచర్ గారూ. తప్పు చేసినవాడు బాధపడ్డవాడి ముందు కాస్త భయపడాలి కూడా.

కిగాలీ_రిటర్న్ | మే 21, ఉదయం 11:30

ఫార్మా కంపెనీ పని మీద రువాండాలో కొన్నాళ్లు ఉన్నాను, ప్రస్తుతం వేలచ్చేరి. 1994లో అక్కడ అంతర్యుద్ధం మధ్యలో వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. చంపింది ఎక్కువగా పక్కింటివాళ్లే, కత్తులతో. లక్షకు పైగా నిందితులు జైళ్లలో కుక్కి ఉన్నారు. మామూలు కోర్టుల్లో నడిపితే వందేళ్లు పట్టేలా ఉందని, గచాచా అనే పాత ఊరి పంచాయితీ పద్ధతిని తెచ్చారు. ఊరి జనమే గడ్డి మీద కూర్చుని వినడం. 12 వేల దాకా అలాంటి కోర్టులు, 2012లో మూసేసేటప్పటికి 19 లక్షల కేసులు. నిజం ఒప్పుకుని, శవాలు ఎక్కడున్నాయో చెప్పి, క్షమాపణ అడిగితే శిక్ష తగ్గుతుంది.

బయట దేశాల్లో దీన్ని అద్భుతం అంటారు. నేను విన్నది కొంచెం వేరు. నాతో పనిచేసిన ఒకావిడ అంది: "అతను క్షమించమని నా వైపు తిరిగి చెప్పలేదు, జడ్జి వైపు తిరిగి చెప్పాడు. శిక్ష తగ్గేది అక్కడ కాబట్టి." అయినా ఆవిడ సరే అంది. ఎందుకంటే రోజూ బావి దగ్గర అతని భార్యను చూడాలి. ఊరు అదే, దారి అదే. అలాగని ఆవిడకు దాంతో ఏమీ దక్కలేదనుకోకండి. తమ్ముడి ఎముకలు దొరికాయి, పద్ధతిగా పూడ్చుకుంది.

ఇంకో లోపం కూడా ఉంది. యుద్ధం గెలిచిన వైపు సైనికులు చేసిన హత్యలు ఆ పంచాయితీల ముందుకు రానేలేదు.

నెల్లూరు_సీను | మే 21, మధ్యాహ్నం 12:15

అంటే సారీ చెబితే డిస్కౌంటా? బాగుంది బేరం.

ఓఎంఆర్_కిరణ్ | మే 21, మధ్యాహ్నం 1:10

సీను అన్నా, ఆ బేరాన్నే కొలంబియాలో జనం ఓటుకు పెట్టారు. అక్కడ యాభై ఏళ్ల అంతర్యుద్ధం. 2016లో ఫార్క్ గెరిల్లాలతో శాంతి ఒప్పందం కుదిరింది. మొత్తం నిజం చెబితే జైలు బదులు 5 నుంచి 8 ఏళ్లు ఆంక్షల మధ్య ఉండి, బాధితులకు పనికొచ్చే పనులు చేయాలి. దాచిపెట్టి దొరికితే 20 ఏళ్ల దాకా జైలు. రెఫరెండంలో 50.2 శాతం మంది వద్దన్నారు.

బొహయా అనే మారుమూల ఊరుంది. 2002లో జనం చర్చిలో తలదాచుకుంటే, పోరాటం మధ్యలో ఫార్క్ వేసిన సిలిండర్ బాంబు ఆ చర్చి మీదే పడింది. పిల్లలు చాలామంది పోయారు. 2015లో ఫార్క్ నాయకులు ఆ ఊరికే వెళ్లి క్షమాపణ అడిగారు. రెఫరెండంలో ఆ ఊరు ఎటు వేసిందో తెలుసా? 95 శాతానికి పైగా ఒప్పందానికి అవునన్నారు. వద్దన్న ఓట్లు యుద్ధాన్ని టీవీలో చూసిన నగరాల్లో ఎక్కువ పడ్డాయి. నీలాగా, నాలాగా.

నెల్లూరు_సీను | మే 21, మధ్యాహ్నం 1:32

ఆ ఊరోళ్లకు మళ్లీ యుద్ధం వస్తే చచ్చేది వాళ్లే. అందుకే అవునన్నారు. దాన్ని క్షమ అనరు, గతిలేక అంటారు.

కోటు_పారిస్ | మే 21, మధ్యాహ్నం 3:20

మొదటిసారి సీను మాటలో పాయింట్ ఉంది. దక్షిణాఫ్రికాలో కూడా ఈ విమర్శే వచ్చింది. వర్ణవివక్ష పాలన ముగిశాక, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ పెట్టి, నిజం మొత్తం చెప్పినవాళ్లకు క్షమాభిక్ష అన్నారు. పోలీసుల చేతిలో చనిపోయిన ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో కుటుంబం దాన్ని రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేసింది. మా మనిషిని చంపినవాళ్ల మీద కేసు పెట్టే హక్కు మాకుంది, మా తరఫున మీరెవరు వదిలేయడానికి అని. 1996లో ఓడిపోయారు. అయితే ఆ కమిషన్ అందరికీ పంచిపెట్టిందనుకుంటే పొరపాటు. 7 వేలకు పైగా దరఖాస్తులొస్తే ఇచ్చింది 849 మందికే. బికో కేసులో పోలీసులకు కూడా తిరస్కరించింది, నిజం పూర్తిగా చెప్పలేదని.

చిత్తూరు_చిన్నోడు | మే 21, సాయంత్రం 4:45

మన ఊరి పక్కనే, రాజీవ్ గాంధీని చంపిన శ్రీపెరంబుదూరు ఉంది గదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? ఆ కేసులో దోషి నళినిని ఉరి తీయొద్దని సోనియా గాంధీనే చెప్పింది. 2008లో ప్రియాంక వేలూరు జైలుకు పోయి మాట్లాడి వచ్చింది. 2022లో అందరూ విడుదలైపోయారు. రాజీవ్‌తో పాటు అక్కడ ఇంకో పది పద్నాలుగు మంది పోయారు. పోలీసులు, పార్టీ కార్యకర్తలు. వాళ్ల ఇళ్లకు ఎవరు పోయి మాట్లాడారు?

నిర్వాహకుడు | మే 21, సాయంత్రం 5:00

అది యుద్ధ నేరం కిందికి రాదు, పైగా ఈ ఊళ్లో ఆ విషయం మొదలైతే థ్రెడ్ ఆగదు. చిన్నోడి ప్రశ్న మాత్రం న్యాయమైనదే కాబట్టి ఉంచుతున్నాను. మిగతా వాదన వేరే థ్రెడ్‌లో.

పెరంబూరు_సుజాత | మే 21, రాత్రి 8:25

ఇందాకటి నుంచి మనం చంపినవాడు ఒక పక్క, చచ్చినవాడు ఒక పక్క అన్నట్టే మాట్లాడుతున్నాం. అంత శుభ్రంగా విడదీయలేని చోట్లు ఉన్నాయి. ఉగాండాలో డొమినిక్ ఓంగ్వెన్ అనే అతను బడికి పోతుంటే తొమ్మిదేళ్ల వయసులో ఎత్తుకుపోయారు. ఆ సాయుధ ముఠాలోనే పెరిగి కమాండర్ అయ్యాడు. తనకు ఏం చేశారో అదే వేరే పిల్లలకు చేశాడు. 2021లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 61 నేరాల్లో దోషి అని 25 ఏళ్లు వేసింది. యావజ్జీవం వేయకపోవడానికి అతని బాల్యాన్ని కారణంగా చూపింది. చిన్నప్పుడు అతన్ని కాపాడలేకపోయిన లోకమే పెద్దయ్యాక శిక్ష వేసింది. శిక్ష తప్పని నేననను. కానీ ఆ తొమ్మిదేళ్ల పిల్లాడికి ఎవరు క్షమాపణ చెప్పాలి?

పులులూ పిల్లల్ని పట్టుకెళ్లారు. 1990లో ఉత్తర ప్రాంతంలోని ముస్లింలందర్నీ కట్టుబట్టలతో వెళ్లగొట్టారు, 70 వేల మందికి పైనే. జాఫ్నాలో అయితే రెండు గంటలే టైమిచ్చారు. కాత్తాన్‌కుడి మసీదులో నమాజు చేస్తున్నవాళ్లను కాల్చారు. వాసు గారూ, మీ అమ్మమ్మకు వీటి మీద ఏమనిపిస్తుందో ఎప్పుడైనా అడిగారా? నొప్పించాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

వాసు_వలసరవాక్కం | మే 22, రాత్రి 9:50

మీ పోస్టులన్నీ చదివాను. సుజాత గారి ప్రశ్న ఎలా అడగాలా అని సంకోచిస్తుంటే, అడగక్కర్లేకుండానే కొంత తెలిసింది. సాయంత్రం కరెంటు పోతే ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

ఆవిడ చిన్న కొడుకును 2008 చివర్లో పులులే తీసుకెళ్లారట. ఇంటికొకరు రావాలని బలవంతం. దాక్కుంటే తండ్రిని పట్టుకెళ్లారు, అందుకని పిల్లాడు బయటికొచ్చాడు. పదిహేడేళ్లు. ఏప్రిల్‌లో ఆయుధం పారేసి తల్లిని వెతుక్కుంటూ వచ్చేశాడు. యుద్ధం ముగిసిన రోజు, పులుల్లో ఒక్కరోజు పనిచేసినవాళ్లయినా లొంగిపోండి, విచారించి పంపేస్తామని సైన్యం మైకులో చెబితే ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పగించారు. బస్సెక్కించడం చూశారు. ఆ తర్వాత ఏమీ లేదు. ఏ లిస్టులోనూ పేరు లేదు.

"తీసుకెళ్లినోళ్లు వేరు, తీసుకెళ్లి ఇవ్వనోళ్లు వేరు. ఇద్దరూ నా దగ్గరికి రాలేదు" అన్నారు. ముస్లింల సంగతి ఆవిడే ఎత్తారు. వాళ్ల ఊళ్లో బట్టలు కుట్టే కుటుంబం ఒకటి ఉండేదట. వాళ్లు సామాను లేకుండా నడిచి వెళ్తుంటే తలుపు వేసుకుని లోపల కూర్చున్నామని చెప్పారు. "వాళ్లు నన్ను క్షమించారో లేదో నాకు తెలీదు. నేనూ పోయి అడగలేదు" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు.

సుబేదార్_రావు | మే 22, రాత్రి 10:30

ఐక్యరాజ్యసమితి వాళ్ల నిపుణుల కమిటీ 2011లో ఇచ్చిన రిపోర్టులో, చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని చదివాను. సురక్షిత ప్రాంతం అని ప్రకటించిన చోటే షెల్లింగ్. తప్పించుకుని పోతున్నవాళ్లను పులులు కాల్చడం. ఇద్దరి మీదా రాశారు. అయినా నాకు కోపం ఎక్కువ వచ్చింది వాసు గారు రాసిన మైకు సంగతికి. లొంగిపోయినవాడి ప్రాణం పూచీ మాది అని సైన్యం మాట ఇస్తే అది మాటే. కాల్పుల మధ్య జరిగినదానికి నేను వాదిస్తాను, ఇప్పటికీ వాదిస్తాను. బస్సెక్కించి తీసుకెళ్లినదానికి ఏ సైనికుడూ వాదించకూడదు.

కరీంనగర్_అంబత్తూర్ | మే 22, రాత్రి 10:48

2025లో జాఫ్నా దగ్గర చెమ్మణిలో తవ్వితే 200కు పైగా అస్థిపంజరాలు వచ్చినయని వార్త చూసిన. చిన్నపిల్లలవి కూడా, ఒకదాని పక్కన బడి సంచి. 1998లోనే ఒక సైనికుడు, వేరే హత్య కేసుల శిక్ష పడ్డంక, అక్కడ వందల మందిని పూడ్చిండ్రని కోర్టులో చెప్పిండు. 1999లో తవ్వి 15 శవాలు తీసి ఆపేసిండ్రు. ఆ ఒక్కడు నోరిప్పకపోతే ఆ 15 కూడా బయటికి వచ్చేటివి కావు.

కోటు_పారిస్ | మే 22, రాత్రి 11:05

అదే నా వాదన. నోరిప్పినవాడికి ఏదో ఒకటి ఇవ్వాలి, లేకపోతే ఎవడూ విప్పడు. సీనూ, సూటిగా అడుగుతున్నా. ఆ బస్సు ఎక్కడికి వెళ్లిందో తెలిసిన సైనికుడు ఇప్పుడు యాభై ఏళ్ల మనిషై ఎక్కడో ఉంటాడు. అతను వచ్చి, ఆ పిల్లాడు ఎక్కడున్నాడో చూపిస్తాను, నాకు ఉరి వద్దు, ఎనిమిదేళ్లు వేయండి అంటే నువ్వు ఒప్పుకుంటావా?

నెల్లూరు_సీను | మే 22, రాత్రి 11:20

ఒప్పుకోను. చూపించాక కూడా ఉరే.

కోటు_పారిస్ | మే 22, రాత్రి 11:24

అప్పుడతను రాడు.

నెల్లూరు_సీను | మే 22, రాత్రి 11:31

రాకపోతే పోనీ. అయినా నన్నెందుకు అడుగుతావు లాయరు గారూ, వాసు అన్నను అడిగి కనుక్కోమనండి ఆ పెద్దావిడను.

వాసు_వలసరవాక్కం | మే 23, రాత్రి 8:40

అడిగాను. లాయర్ గారు చెప్పినట్టే చెప్పాను, ఎనిమిదేళ్లు, ఉరి లేదు అని. ఆవిడ కాసేపు లెక్క వేసుకుంటున్నట్టు వేళ్లు ముడిచారు. "ఎనిమిదా? మావాడు పోయి దానికి రెండింతలు దాటింది" అన్నారు. మరి ఒప్పుకుంటారా అంటే, "ముందు రమ్మను. వాడికి తెలిసిందంతా చెప్పమను. తక్కువ చేయాలో వద్దో అప్పుడు నేను చెప్తాను, ఆ లాయరు కాదు" అన్నారు.

కోటు_పారిస్ | మే 23, రాత్రి 9:02

మన చట్టంలో అలాంటి సెక్షన్ లేదు వాసు గారూ. తుది మాట కోర్టుదే, ఆవిడది కాదు.

శారద_టీచర్ | మే 23, రాత్రి 9:15

లేకపోతే పెట్టండి. మీరు చదువుకున్నదెందుకు?